వరదమ్మ బూజు మందు

నాకు వరదమ్మంటే గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే తరువాతిది రాయడం సులువు. ఆమె నాకు చేసిన అపకారం ఒక్కటీ లేదు. నా అంగడికి వస్తే చెప్పులు బయట విడిచి లోపలికి వస్తుంది. నన్ను అన్నా అని తప్ప ఇంకో రకంగా పిలవలేదు. నా వెనుక కూడా నన్ను ఒక్క మాట అనలేదని అందరూ చెబుతారు. గిట్టకపోవడానికి అదీ ఒక కారణమే. ఎక్కడో ఒక చోట వంక దొరికే మనిషినైతే ఎలాగో ఓర్చుకోవచ్చు.

పలమనేరు మార్కెట్ వీధిలో నాది ఎరువులు, పురుగుమందుల అంగడి. ముప్పై ఏళ్ళయింది పెట్టి. బోర్డు మీద నా భార్య రాజశ్రీ పేరుంటుంది, బల్ల వెనుక మోహన్‌కృష్ణ అనే నేనుంటాను. అయితే రైతులు నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు కాదు. డాక్టరు అనేవాళ్ళు. పొద్దున ఏడింటికల్లా టమోటా ఆకో, వంగ కొమ్మో, చిక్కుడు కాయో తెచ్చి గాజు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. నేను కళ్ళద్దాలు సవరించుకుని, ఆకును తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, కాసేపు ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. ఆ కాసేపు అంగట్లో ఒక్కరూ దగ్గేవాళ్ళు కూడా కాదు. నా బతుకులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ కాసేపే.

ఏడేళ్ళ కిందట ఒక ఉదయం గోవిందు వచ్చాడు. గుండ్లమిట్ట రైతు, ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే కొంటున్నవాడు. వంగ నారు తెచ్చి చూపించాడు. మొదలు మెత్తబడి మొలకలు పడిపోతున్నాయి. నేను నా అలవాటు ప్రకారం కాసేపు మౌనంగా ఉండి, వెనక్కి తిరిగి అరలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. గోవిందు దాన్ని ముట్టుకోలేదు.

"దీనికి వరదమ్మ గోడ మీద మసి ఉండాది డాక్టరూ. బొట్టు పెట్టిండేది ఇంకోటి ఉండాది, అది ఇయ్యి" అన్నాడు.

వరదమ్మ ఎవరు, గోడేమిటి, మసేమిటి అని అడగడానికి నాకు నామోషీ అడ్డమొచ్చింది. అంతా తెలిసినవాడిలా తల ఊపి, అతను వేలితో చూపించిన పొట్లం ఇచ్చి పంపించాను. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా రైతుల నోట్లోంచి మందు పేరు రాకముందే మందు తీసి ఇచ్చినవాణ్ణి. ఆ రోజు మొదటిసారి నేను సరుకు అందించే మనిషినయ్యాను.

నెమ్మదిగా ఆరా తీస్తే తెలిసింది. వరదమ్మ అంటే మా తిరుమలయ్య భార్యే. తిరుమలయ్య రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. అతనికి గుండ్లమిట్టలో బోరు కింద ఎకరన్నర ఉంది, ఎప్పుడూ టమోటానే వేస్తాడు. నేను ఏది కొట్టమంటే అది కొట్టేవాడు. అలాంటి బుద్ధిమంతుడి ఇంట్లోంచి ఈ గొడవ బయలుదేరిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

వరదమ్మ పుట్టిల్లు వి.కోట వైపు, అరవ సరిహద్దు ఊరు. తల్లి తెల్లవారుజామునే బస్సెక్కి పెరుగు అమ్మి వచ్చేది. వరదమ్మ అయిదో తరగతితో బడి మానేసి, కుండలు కడగడం, పాలు కాచడం, తోడు వేయడం నేర్చుకుంది. పెళ్ళయి గుండ్లమిట్టకు వచ్చాక పాడి ఆవు ఒక్కటే మిగిలింది, మిగతాదంతా టమోటా. ఒక ఏడాది ఆ టమోటాకు మొదలుకుళ్ళు పట్టింది. కాపు మీద ఉన్న మొక్క పొద్దున నిలబడి ఉంటుంది, సాయంత్రానికి తల వాల్చేస్తుంది. పీకి చూస్తే కాండం మొదట్లో తెల్లటి దారాలు, ఆ దారాల్లో ఆవగింజల్లాంటి గింజలు ఉంటాయి. రెండు పంటలు వరసగా అలాగే పోయాయి. ఆ రెండు పంటలకూ తిరుమలయ్య కొట్టినవి నా మందులే. ఆ సంగతి వరదమ్మ ఎక్కడా అనలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పుడే ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు లోహిత పదిమంది ఆడవాళ్ళను తిరుపతికి రెండు రోజుల శిక్షణకు తీసుకుపోయింది. అక్కడ వాళ్ళకు ట్రైకోడెర్మా అనే పొడి తలా ఒక పొట్లం ఇచ్చారు. అది మందు కాదు, ప్రాణమున్న బూజు, వేళ్ళ చుట్టూ కాపురం పెట్టి మొదలుకుళ్ళు తెచ్చే చెడ్డ బూజును తినేస్తుంది అని చెప్పారు. మిగతా తొమ్మిది మంది పొట్లాలు అటకెక్కాయి. వరదమ్మ మాత్రం వాళ్ళు చెప్పినట్టే మాగిన పేడ ఎరువులో వేపపిండి కలిపి, అందులో ఆ పొడి చల్లి, బెల్లం నీళ్ళు చిలకరించి, చింతచెట్టు నీడలో తడి గోనె పట్టాలు కప్పింది. వారం తరువాత పట్టా ఎత్తితే కుప్పంతా తెల్లగా, ఆ తరువాత పాచిలా పచ్చగా అయింది. ఆ ఎరువు సాళ్ళలో వేసి నాటిన పంట నిలబడింది.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. వరదమ్మ చేసిన వేరే పని ఏమిటంటే, ఆ కుప్పలోంచి రెండు దోసిళ్ళు తీసి మట్టికుండలో తవుడుతో కలిపి దాచింది. దాన్ని తోడు అంది. పెరుగుకు తోడు దాచుకున్నట్టే పంటకూ పంటకూ మధ్య దాన్ని ఎండిపోకుండా తడిపి కాపాడింది. పాతదానికి బలం తగ్గుతుంది, పరాయి బూజులు చేరతాయి, ఏడాదికోసారి కొత్త పొడి కావాలి అని లోహిత హెచ్చరించింది. వరదమ్మ ఆ మాటా విన్నది, తోడునూ వదల్లేదు. ప్రతి ఏడూ కొత్త పొట్లం తెచ్చి ఆ కుండలోనే కలిపేది. ఎండాకాలం ఊళ్ళో ఎవరి దగ్గరా పచ్చబూజు మిగలదు. తొలకరికి అందరూ ఆమె గడప దగ్గరికే గిన్నె పట్టుకుని పోయేవాళ్ళు.

ఇక గోడ సంగతి. బూజును చంపే మందులు కొన్ని ఈ మంచి బూజునూ చంపేస్తాయి, కొన్ని ఏమీ చేయవు. ఏది ఏదో కాగితం మీద రాసిచ్చారు గానీ, అంగట్లో మందు పేర్లు ఆ కాగితంలోని పేర్లలా ఉండవు, నెలకొకటి కొత్తది వస్తుంది. వరదమ్మ పెళ్ళిళ్ళలో పారేసిన ఐస్‌క్రీమ్ కప్పులు ఏరుకొచ్చి, ఉడికిన అన్నం కప్పుకో చెంచా పెట్టి, అందులో తోడు కలిపి, ఒక్కో కప్పులో ఒక్కో మందును పొలానికి కలిపే మోతాదులోనే కలిపి చుక్కలు వేసింది. పిల్లలూ కోళ్ళూ ముట్టకుండా ఆవు కొట్టంలో ఎత్తున బల్ల కట్టి పెట్టింది. ఐదు రోజులు చూసింది. పచ్చగా బూజు లేచిన కప్పులోని మందు మనతో పొత్తు, లేవకపోతే పగ. కొట్టం గోడకు సున్నం కొట్టి బొగ్గుతో మందుల పేర్లు రాసి, పొత్తుకు కుంకుమ బొట్టు, పగకు మసి పెట్టింది. చదువు రాని మనిషి కూడా గోడ ముందు నిలబడి తన పొట్లంతో పోల్చుకుని పోవచ్చు.

నేను ముప్పై ఏళ్ళు ఈ మందులు అమ్మాను. ఏది ఏ పురుగుకో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏది దేనితో కలిసి బతుకుతుందో ఒక్కరోజైనా ఆలోచించలేదు. అందుకు సిగ్గుపడాల్సింది. సిగ్గుకు బదులు నాకు ఒళ్ళు మండింది.

ఆమె అంగడికి వచ్చేది. "అన్నా, ఈ కొత్తది మూతెడు ఇయ్యి, కప్పులో వేసి సూస్తా" అనేది. సీసా విప్పి అమ్మడం కుదరదని మొదట కసిరాను. మరుసటి రోజు గోవిందు వచ్చి ఆ సీసానే కొని, నా కళ్ళ ముందే మూతెడు వంచి ఆమె కోసం పక్కన పెట్టుకున్నాడు. ఆ తరువాత నేనే ఇస్తూ వచ్చాను, ముఖం మాడ్చుకుని. రైతులు ఆకులు తేవడం తగ్గించారు. ఆకు గుండ్లమిట్టకు పోతుంది, మందు పేరు మాత్రం నా దగ్గరికి వస్తుంది. నేను కళ్ళద్దాలు సవరించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఒకసారి ఉండబట్టలేక ఏదో డబ్బా ఇచ్చే నెపంతో గుండ్లమిట్ట వెళ్ళి ఆ గోడ చూశాను. పేర్లన్నీ గుండ్రటి అక్షరాల్లో, వంకర లేకుండా ఉన్నాయి. మెటలాక్సిల్ పక్కన బొట్టు ఉంది. నేను ఎక్కువగా అమ్మే కార్బెండజిమ్ పక్కన అరచేతి వెడల్పున మసి ఉంది. దీనికి ఇంత మసి దేనికి అని అడిగాను. అన్నిట్లోకీ అదే గట్టి పగ అనీ, ఇసుమంత పడినా బూజు తల ఎత్తలేదనీ వరదమ్మ ఓపిగ్గా చెప్పింది. కప్పు కూడా తెచ్చి చూపించింది. అన్నం మెతుకులు ఐదో రోజు కూడా తెల్లగానే ఉన్నాయి. బాగుందమ్మా అన్నాను. స్కూటర్ మీద తిరిగి వస్తున్నంతసేపూ ఆ గుండ్రటి అక్షరాలే కళ్ళల్లో నిప్పులు పోసినట్టున్నాయి.

ఇంటికి వచ్చి రాజశ్రీ దగ్గర నోరు పారేసుకున్నాను. ఐదో తరగతి చదివిన మనిషి సైంటిస్టు అయిపోయిందనీ, అన్నం మెతుకులతో పరీక్షలు చేస్తే ఇక యూనివర్సిటీలెందుకనీ అన్నాను. రాజశ్రీ మిద్దె మీది కుండీల్లో పెంచిన టమోటాలు కోసుకొచ్చి జల్లెడలో పోస్తోంది.

"మీకు కుళ్ళు" అంది తలెత్తకుండా.

"కుళ్ళుకు మన అంగట్లో పదహారు రకాల మందులుండాయి" అన్నాను నేను.

"ఏదీ పని చేసినట్టు లేదే" అంది.

ఆ మాటకు కొంచెమైనా బుద్ధి రావాలి. రాలేదు. పోయిన ఏడు వైశాఖంలో వరదమ్మ తల్లి జారిపడి తుంటి విరిగితే వేలూరు ఆసుపత్రిలో చేర్చారు. వరదమ్మ మూడు వారాలు అక్కడే ఉండిపోయింది. ఇక్కడ నారు ఎదుగుతోంది, ఎరువు కలిపి పెట్టాల్సిన సమయం దాటిపోతోంది. ఆమె ఫోనులో మొగుడికి చెప్పింది, కొత్త పొట్లాలు తెచ్చి తోడు కుండలో కలిపి, దాన్ని పేడ కుప్పలో వేయమని. తిరుమలయ్య నా అంగడికి వచ్చాడు. అంగట్లో ఇంకెవరూ లేరు.

"బూజు మందు రెండు కేజీలు ఇయ్యప్పా. ఇంటామె చెప్పింది" అన్నాడు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఆకుల మీద వచ్చే బూజు తెగులుకు కొట్టే మందును మా వైపు అందరూ బూజు మందనే అంటారు. వరదమ్మ తన పచ్చబూజు పొడినీ బూజు మందనే అంటుంది. ఒకటి బూజును చంపే మందు, ఇంకొకటి బూజే మందు. మాట ఒకటే. రెండూ తెల్లటి పొడులే. కుడివైపు అరలో ట్రైకోడెర్మా ఉంది, జనం అడుగుతున్నారని ఇష్టం లేకుండానే తెప్పించి పెట్టినది. ఎడమవైపు అరలో కార్బెండజిమ్ ఉంది. తిరుమలయ్యకు ఏది కావాలో నాకు తెలుసు. వైశాఖంలో, పేడ కుప్పకు, రెండు కేజీలు, వరదమ్మ చెప్పి పంపించింది. తెలియకపోవడానికి నేనేమీ పసివాణ్ణి కాదు.

నా చెయ్యి ఎడమవైపుకు పోయింది. అది నా చెయ్యి కాదని నేను చెప్పను. పొట్లాలు బల్ల మీద పెట్టి, "బూజు మందే కదా?" అని అడిగాను. ఎందుకడిగానంటే, రేపు ఎవరైనా అడిగితే నేను అడిగే ఇచ్చానని చెప్పుకోవడానికి. తిరుమలయ్య తల ఊపి, పొట్లాలు తువ్వాలులో మూట కట్టుకుని పోయాడు. గోడతో పోల్చి చూసేది ఎప్పుడూ వరదమ్మే, అతను కాదు. ఆ మధ్యాహ్నం నేను రెండోసారి అన్నం వడ్డించుకుని తిన్నాను.

నెలరోజులు ఏమీ కాలేదు. కాపు పట్టేదాకా మొక్కలు బాగానే లేచాయి. గోవిందు కనిపిస్తే మాటల్లో పెట్టి వరదమ్మ తోట ఎట్లుందని అడిగేవాణ్ణి. బ్రహ్మాండంగా ఉండాది అనేవాడు. ఆ మాట వింటే ఒకవైపు గుండె బరువు దిగేది, ఇంకోవైపు మంట రేగేది. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు తెలియదు గానీ ఇమిడాయి.

నాటిన నలభై ఐదో రోజుకు గోవిందు ఒక టమోటా మొక్కను వేళ్ళతో సహా పీకి తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. పచ్చి కాయలు కొమ్మకే ఉన్నాయి. మొదట్లో తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గింజలు కనిపించాయి. కార్బెండజిమ్ ఈ బూజును ఏమీ చేయలేదు. దీన్ని తినే పచ్చబూజును మాత్రం ముందే చంపేసి పెట్టింది. ఎవరి తోటలోది అని అడిగాను, నాకు తెలిసీ.

"వరదమ్మ తోటలోదే డాక్టరూ. మూడో వంతు పడిపాయ. ఆమె గోడను నమ్ముకుంటే మన గతీ ఇంతేనేమో. సూడు, ఏమి కొట్టల్లో నువ్వే చెప్పు" అన్నాడు.

అంతే. ఆరేళ్ళుగా నేను కోరుకున్నది తిరిగి వచ్చింది. మరుసటి రోజు నుంచి పొద్దున ఏడింటికల్లా ఆకులు, కొమ్మలు, చేతులు కట్టుకున్న మనుషులు. నేను కళ్ళద్దాలు సవరించుకుని ఆకును వెలుతురుకు పెట్టాను. అంగట్లో ఒక్కరూ దగ్గలేదు. ఆ కాసేపులో నాకు ఇంతకు ముందున్న రుచి దొరకలేదు. నాలుగు రోజులు చూశాను, ఐదు రోజులు చూశాను. దొరకలేదు.

ఆరో రోజు వరదమ్మ వచ్చింది. చెప్పులు బయట విడిచింది. గోవిందుతో కలిసి నలుగురు రైతులున్నారు బల్ల ముందు. ఆమె చేతిలో ఖాళీ పొట్లం ఉంది. తిరుమలయ్యకు ఏ కవరూ పారేసే అలవాటు లేదు, కొట్టం చూరులో దోపి ఉంచాడట. దాన్ని బల్ల మీద పెట్టి, నేను ఇచ్చింది ఇదేనా అని అడిగింది. గొంతు పెంచలేదు. నేనే పెంచాను. తిరుమలయ్య బూజు మందు అడిగాడనీ, బూజు మందే కదా అని మళ్ళీ అడిగి మరీ ఇచ్చాననీ నలుగురికీ వినపడేలా చెప్పాను.

వరదమ్మ పొట్లాన్ని తన వైపు తిప్పుకుంది.

"అవునన్నా. పేరు సరిగ్గా చెప్పి పంపించల్ల. తప్పు నాదే" అంది.

పొట్లం మడిచి కొంగున దోపుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తప్పు తనదేనని ఆమే ఒప్పుకుందన్న మాట సాయంత్రానికి గుండ్లమిట్ట అంతా తిరిగింది. ఆ తరువాత గిన్నె పట్టుకుని ఆమె గడప ఎవరూ తొక్కలేదు. తొక్కినా ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తోడు కుండ కూడా చచ్చిపోయింది. కొత్త పొడి తెప్పిస్తానని లోహిత అంటే, తెప్పించమ్మా, కానీ నా బూజు ఎనిమిదేళ్ళు ఈ ఊరి మందులన్నీ తట్టుకుని బతికిన బూజు, అది పొట్లంలో రాదు కదా అందట. అలా బతకడం వల్ల బూజుకు నిజంగా ఓర్పు వస్తుందో లేదో లోహిత కూడా చెప్పలేకపోయింది. వరదమ్మ మాత్రం మూడు రోజులు ఆ కుండను కడగలేదని గోవిందు చెప్పాడు.

ఆ ఆదివారం మా మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కారుతుంటే పైకెక్కాను. రాజశ్రీ కుండీల్లో టమోటాలు ఎర్రగా వేలాడుతున్నాయి. మా ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ వాటిని చూపించి, చూశారా మన మందుల మహిమ అని రెండేళ్ళుగా చెప్పుకుంటున్నాను. ట్యాంకు వెనుక నీడలో ఒక మట్టికుండ కనిపించింది, మీద తడి గోనెగుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తాను. లోపలంతా పచ్చగా ఉంది.

"మూసేయండి. ఎండ తగల్తాది" అంది రాజశ్రీ నా వెనుక.

అది వరదమ్మ తోడట. రెండేళ్ళ కిందట నేను అంగట్లో లేనప్పుడు వరదమ్మ వస్తే మాట కలిసి, ఆమెను అడిగి తెచ్చుకుందట. మరి నేను ఇచ్చిన మందులేం చేశావని అడిగాను. కొట్టమన్నవి కొట్టాను, బొట్టున్నవి మాత్రమే, అంది. నా ఇంట్లో, నా మిద్దె మీద, నా భార్య ఆ గోడ లెక్కన వ్యవసాయం చేస్తోంది. ఏం చెప్పమంటారు, ఆ క్షణంలో కూడా నాకు మొదట పుట్టింది అసూయే. నా ముప్పై ఏళ్ళ మాట మీద లేని నమ్మకం రాజశ్రీకి ఆ అన్నం మెతుకుల మీద ఉంది.

వరదమ్మ కుండ చచ్చిపోయిందని విన్నప్పటి నుంచి దీన్ని తీసుకుపోయి ఇవ్వాలనుకుంటున్నానని రాజశ్రీ అంది. నేనే ఇచ్చి వస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. రాజశ్రీ నన్ను తేరిపార చూసింది.

"ఏమి చెప్పి ఇస్తారు? ఆ పొద్దు తిరుమలయ్య ఏమి అడిగినాడో మీకు తెలీదా?"

నేను కుండ ఎత్తుకోబోయాను. ఆమె కుండకు తడిగుడ్డ బిగించి కట్టి ఇచ్చింది.

స్కూటర్ మీద కాళ్ళ మధ్య కుండ పెట్టుకుని గుండ్లమిట్ట వెళ్ళాను. వరదమ్మ కొట్టంలో ఆవుకు కుడితి పెడుతోంది. కుండ అందుకుని గుడ్డ విప్పి వాసన చూసింది. మంచి బూజు పచ్చికొబ్బరి వాసన వేస్తుంది. ఆమె కళ్ళు మూసుకుని ఇంకోసారి వాసన చూసి, రాజశ్రమ్మకు ఇచ్చినదే కదా ఇది అంది. అవునన్నాను. కుండను గోడ వారన నీడలో పెట్టింది. నేను వెళ్ళలేదు. ఆ గోడ ముందే నిలబడి ఉన్నాను, అరచేయంత మసికి ఎదురుగా.

"తిరుమలయ్య అడిగింది ఏదో నాకు తెలుసు వరదమ్మా. తెలిసే అది ఇచ్చినాను" అన్నాను.

"తెలుసన్నా" అంది వరదమ్మ. "ఆ పొద్దు ఈడనే నిలబడి దీనికి ఇంత మసి ఏమిటికని అడిగినావు. మర్చిపోయేవాడివి కాదు నువ్వు."

"మరి అందరి ముందర తప్పు నాదే అన్నావు?"

"పేరు తప్పు నాది. నాది నేను చెప్పినాను. నీది నువ్వు చెప్తావనుకుంటి."

చెప్పాను కదమ్మా అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆమె కుడితి తొట్టి వైపు తిరిగింది.

"నాకు తెలిసిండేది నాకే చెప్తే ఎట్లన్నా? నా మాట పోయింది ఆ నలుగురి ముందర."

మరుసటి రోజు ఏడింటికి అంగడి తెరిచాను. గోవిందు కాకర ఆకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెనుక ముగ్గురు నలుగురున్నారు. నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. ఆకు సంగతి తరువాత, ముందు ఒక మాట వినండి అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఏమి అడిగాడో, ఏమి ఇచ్చానో, ఎందుకిచ్చానో కూడా చెప్పాను. కుళ్ళుతో చేశాను అనే మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక నేను అనుకున్నంత కష్టం కాలేదు, వాళ్ళ ముఖాలు చూసేదాకా.  గోవిందు బల్ల మీది కాకర ఆకు తీసుకుని జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

గుండ్లమిట్ట వాళ్ళు సగానికి సగం నా అంగడి మానేశారు. వచ్చేవాళ్ళు కూడా పొట్లం మీద పేరు ఇద్దరు చదివి ఒప్పుకున్నాకే తీసుకుంటారు. డాక్టరు అని ఇప్పుడు ఎవరూ పిలవరు. వరదమ్మ తన పొడికి పేరు మార్చింది. పచ్చతోడు అంటుంది. ఊరంతా అలాగే అంటోంది. ఎవరైనా నా దగ్గర పొరపాటున బూజు మందు అంటే నేనే ఆపి, చంపేదా పెంచేదా అని అడుగుతున్నాను.

మా కుండ తోడుతో ఆమె మళ్ళీ కుప్ప వేసింది. పోయిన నెల పంట చూడటానికి వెళ్ళాను. ఎకరన్నరలో ఒక్క మొక్క తల వాల్చలేదు. చూసి ఓర్వలేకపోయాను, ఉన్నమాట చెబుతున్నాను. మొదట్లో చెప్పినట్టే ఆమె నాకు గిట్టదు, ఇప్పటికీ అంతే. కొట్టంలోకి వెళితే గోడ మీద మందుల వరస కింద కొత్తగా బొగ్గుతో రెండు పేర్లు ఉన్నాయి, అవే గుండ్రటి అక్షరాల్లో. ఒకటి రాజశ్రీ. పక్కన ఎర్రగా, నిండుగా బొట్టు. దాని కింద మోహనన్న. పక్కన ఏమీ లేదు.

ఏమమ్మా, నాదేమిటి ఖాళీగా వదిలేశావని నవ్వుతూనే అడిగాను. నా నవ్వు ఆమె పట్టించుకోలేదు.

"దేన్నైనా ఐదు దినాలు సూసి గుర్తు పెడ్తానన్నా. నీకు ఇంకా శానా దినాలు పట్టేట్టుండాది" అంది.

ఇంటికి వచ్చి రాజశ్రీతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు నా కుళ్ళు ఆమె మీదికి మళ్ళింది. మళ్ళనీ. వారానికొకసారి ఏదో ఒక డబ్బా ఇచ్చే పని పెట్టుకుని గుండ్లమిట్ట వెళ్ళి వస్తున్నాను. నిన్న కూడా వెళ్ళాను. నా పేరు పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.